సముద్రమంటే భయానికి మూడు పాయింట్లు

స్టీలు పళ్లెంలో పాచిక పడిన చప్పుడు వింటే నాకు లక్సెట్టిపేటలోని ఒక దర్జీ దుకాణం గుర్తొస్తుంది. ఇస్త్రీ పెట్టె కింద తడిబట్ట నుంచి లేచే ఆవిరి వాసన కూడా వచ్చేస్తుంది. మొన్న ఆదివారం మధ్యాహ్నం కరీంనగర్‌లో మా ఇంటి పైగదిలో నలుగురం ఆటకు కూర్చున్నాం. మాది కథలాట. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్లు తలా ఒక పాత్రను తయారు చేసుకుని అడవులూ కోటలూ తిరుగుతారు, గెలుపోటములు పాచిక తేలుస్తుంది. కథ నడిపేది నేనే. డిగ్రీ చదివే అఖిల్ తన సొంత నియమాలతో అల్లుకున్న మంత్రగాడితో వరసగా మూడో రాక్షసుణ్ని ఒక్క దెబ్బకు పడగొట్టాడు. నేను చప్పట్లు కూడా కొట్టాను. ఆ చప్పట్ల సంగతి తర్వాత చెబుతాను, ముందు రాజలింగు కాక గురించి చెప్పాలి.

కాక నాకు చుట్టం కాడు, మా బాపు దోస్తు. చాలా ఏళ్లు గల్ఫ్‌లో కుట్టుపని చేసి వచ్చి లక్సెట్టిపేట బజార్లో దుకాణం పెట్టుకున్నాడు. గల్ఫ్‌లో పనివాళ్లుండే క్యాంపు గదిలో ఒక ఫిలిప్పీన్స్ దోస్తు శుక్రవారాలు ఈ ఆట ఆడించేవాడట. కాక తిరిగొచ్చేరోజు ఇరవై ముఖాల పాచిక ఒకటి చేతిలో పెట్టి పంపాడు. నియమాల పుస్తకం ఇవ్వలేదు, ఇచ్చినా కాకకు ఇంగ్లిషు రాదు. అందుకని గుర్తున్నంత రాసుకుని, గుర్తులేనిచోట తనే కల్పించి, కొలతలు రాసే పుస్తకంలో వెనకపేజీల నుంచి మొత్తం ఆటను తెలుగులో రాశాడు. ఆదివారం గిరాకీ ఉండదు. కటింగ్ బల్ల మీద నల్ల లైనింగ్ గుడ్డ పరిచి, బట్టకు గీతలు గీసే సుద్దతో గోదావరినీ అడవినీ గీసేవాడు. యుద్ధం అయిపోతే గుడ్డ దులిపేవాడు. "గీ అడివి మనదే, పేర్లే మార్చిన" అనేవాడు.

ఆయన పద్ధతిలో ప్రతి పాత్రకూ ముప్పై పాయింట్లు. బలానికి, తెలివికి, నేర్పుకి ఎట్లా పంచుకుంటారో మీ ఇష్టం. ఇంకా కావాలంటే పాత్రకు బలహీనతలు రాసుకోవాలి, ఒక్కోదానికి మూడు పాయింట్లు. నా స్నేహితురాలు రజిత, ఇంటర్ దాకా నాతో ఒకే బెంచీ మీద కూర్చున్న పిల్ల, మందులెరిగిన ముసలవ్వను తయారు చేసుకుంది. ఒక కన్ను కనబడదు, మోకాళ్ల నొప్పులు అని నిజాయితీగా రాసి ఆరు పాయింట్లు తీసుకుంది. నా తెలివి చూడండి. సముద్రమంటే భయం, మంచులో నడవలేదు, ఒంటెను చూస్తే వణుకు, ఓడ ఎక్కితే వాంతులు, ఖర్జూరం పడదు. మా గోదావరి ఒడ్డు అడవిలో ఒంటె ఎక్కడిది, ఓడ ఎక్కడిది? పదిహేను పాయింట్లు ఊరికే వచ్చిపడ్డాయి. అన్నీ కత్తి మీద పెట్టి, నా పాత్రకు కత్తుల కనకవ్వ అని పేరు పెట్టుకున్నాను.

కనకవ్వ ముందు దొంగలు నిలవలేదు, పులులు నిలవలేదు. నా సంబరానికి పట్టపగ్గాల్లేవు. నెల తిరిగేసరికి రజిత రావడం మానేసింది. రెండు ఆదివారాలు ఎదురుచూశాం. మాతో ఆడే మూడో మనిషి, మొబైల్ దుకాణం రహీం, బల్ల మీద వేళ్లతో దరువు వేస్తూ కూర్చున్నాడు. "ఆమెకు ఆట రాదు కాకా, అందుకే అస్తలేదు" అన్నాను నేను. కాక సూదిలో దారం ఎక్కిస్తున్నాడు, తలెత్తలేదు.

"పోయినసారి రజిత ఎన్నిసార్లు పాచిక ఏసింది?"

"ఏమో, లెక్కవెట్టలే."

"నేను వెట్టిన. ఒక్కసారి. గది గూడ నువ్వు నీళ్లు తాగవోయినప్పుడు."

నాకు ఒళ్లు మండింది. రూలు ప్రకారమే కదా చేశాను, ఇప్పుడు కనకవ్వ కాగితాన్ని చించేయమంటాడా అని మూతి ముడుచుకున్నాను. ఆయన చించమనలేదు. "తప్పు నీది గాదు బిడ్డా, నా రూలుది. కాజా కోసిన గని గుండీ కుట్టుడు మర్సిన. యాడ వదులున్నదో తొడిగి సూస్తెనే ఎర్కైతది" అన్నాడు. నా కాగితం తీసి రహీంకు ఇచ్చి, రజిత ముసలవ్వ కాగితం నా ముందు పెట్టాడు. అప్పటి నుంచి అదే ఆయన పద్ధతి అయింది. ఎవరు కొత్త నియమం కల్పిస్తే వాళ్లు దాన్ని అందరిలోకీ బక్కపాత్రతో ఆడి చూపించాలి.

ఆ మధ్యాహ్నం నేను పడ్డ అవస్థ అంతా ఇంతా కాదు. దొంగలు ఎదురయ్యారు. ఏ ఆకుపసరు పనికొస్తుందా అని నేను ఆలోచించేలోపు రహీం చేతిలోని కనకవ్వ వాళ్లందరినీ నరికేసింది. దెబ్బే తగలనివాళ్లకు మందెందుకు? వాగు అడ్డం వచ్చింది. తొవ్వ నాకు తెలుసు అని నోరు తెరిచేసరికి రహీం చెట్టు కొట్టి వంతెన వేశాడు. నేను మాత్రం కన్ను కనబడక రెండుసార్లు గుంతలో పడ్డాను, మోకాళ్లతో ప్రతిచోటా వెనకబడ్డాను. కనకవ్వకు ఒంటె ఒక్కసారైనా ఎదురు రాలేదు. చివరికి ఉండబట్టలేక "నాకీడ పనేమున్నది కాకా?" అని అరిచాను.

"గదే మాట రజిత అనలే. అనకుంట ఇంట్ల కూసున్నది" అన్నాడాయన.

సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. రజిత వారమంతా వాళ్లమ్మతో కలిసి బీడీలు చుట్టేది. ఆదివారం ఈ కాసేపే చాట పక్కన పెట్టి వచ్చేది. ఆమెకున్న ఆ ఒక్క పూటనూ నేను లాక్కున్నాను, అదీ లేని ఒంటెల్ని చూపించి.

మరునాడు వాళ్లింటికి వెళ్లాను. తునికాకు కత్తిరిస్తూ నన్ను చూసి, "కనకవ్వ అచ్చిందా? మా ఇంట్ల దొంగలెవ్వరు లేరే" అన్నది.

"తప్పైందే. ఆటకు రా."

"అచ్చి ఏం జెయ్యాలె? నీ కత్తి సూసుకుంట కూసోవాల్నా?"

"కాక రూలు మార్సిండు."

"మరి నువ్వు?"

పక్కన కూర్చుని ఆకు కత్తిరించాను. నేను కత్తిరించినవన్నీ పారేయాల్సి వచ్చింది, వాళ్లమ్మ నన్ను తిట్టింది కూడా. రజిత నవ్వింది. ఆదివారం ఆటకు వచ్చింది.

కాక మార్చిన రూలు ఇది. బలహీనత రాసుకున్నందుకు ఏమీ రాదు. అది ఆటలో మనకు అడ్డం వచ్చినప్పుడు, వచ్చిన ప్రతిసారీ, మూడు పాయింట్లు. నావి ఐదూ కొట్టేసి కొత్తది ఒకటి రాయమన్నాడు. ఎంత ఆలోచించినా నాలో లోపమేమీ కనబడలేదు మరి. కాక నా చేతిలోని పెన్సిలు తీసి రజితకు ఇచ్చాడు. ఆమె చాలాసేపు నన్నే చూసి రాసింది, "పక్కోళ్లు సప్పుడు జెయ్యకుంటె గీమెకు ఇనబడది." రహీం పైకి చదివాడు. నేనేమంటానో అని కాక చూశాడు. ఒప్పుకున్నాను. ఆరోజు ముసలవ్వ ఎనిమిదిసార్లు పాచిక వేసింది. ఈసారి నేనూ లెక్కపెట్టాను.

కాక పోయి రెండేళ్లయింది. ఆయన దగ్గరే పని నేర్చుకున్న రజిత ఇప్పుడు ఆ దుకాణం నడుపుతోంది. కటింగ్ బల్ల, కొలతల పుస్తకం ఆమె దగ్గరున్నాయి, ఆదివారం ఆట కూడా ఆమెదే. పాచిక నాకిచ్చింది. కనకవ్వ కాగితం మడతలు చిరిగిపోతే అట్టకు అంటించి పెట్టుకున్నాను.

ఇక చప్పట్ల సంగతి. మొన్న అఖిల్‌కు చప్పట్లు కొట్టి, టీ కప్పులు తీద్దామని లేచాను. మాతో ఆడుతున్న శ్రావణి కప్పు నిండుగా ఉంది, మీద తొరక కట్టింది. ఆ పిల్ల కాగితం అంచున పెన్సిలుతో పువ్వులు గీస్తోంది, పేజీ సగం నిండింది. గంటన్నరగా ఆమె గొంతు నాకు వినబడలేదు, వినబడలేదన్న సంగతీ నాకు తట్టలేదు. కప్పు అక్కడే పెట్టి ఆట ఆపాను. అఖిల్ కాగితం శ్రావణికి, శ్రావణి కాగితం అఖిల్‌కు ఇచ్చాను. వాడు మూతి ముడిచాడు, అచ్చం నా మూతే. శ్రావణి పాచికను కాసేపు అరచేతిలో పట్టుకుని, అప్పుడు వేసింది.

వాళ్లు వెళ్లాక రజితకు ఫోన్ చేశాను.

"నువ్వు రాసింది మళ్ల అడ్డమచ్చిందే."

"ఎంతసేపటికి సూసినవ్?"

"గంటన్నర."

"గప్పుడు నెల వట్టింది నీకు" అని నవ్వింది. "రాసుకో మూడు."

రాసుకున్నాను.