కోటేశ్వరి పేరు ఎక్కని రోజు

మొన్న నా పెన్షన్ కాగితం ఫోనులో నింపుతుంటే, పుట్టిన తేదీలో నెల తప్పు పడింది, సరిచూసుకోండి అని ఎర్రక్షరాల్లో, అదీ తెలుగులో, వచ్చింది. ఓరి నీ అసాధ్యం కూలా, ఇంత మర్యాద ఎప్పుడు నేర్చుకున్నావు అనుకున్నాను. తొలినాళ్ల కంప్యూటర్లతో వేగినవాళ్లు మీలో ఎవరైనా ఉంటే నా సంబరం వాళ్లకే అర్థమవుతుంది.

అప్పట్లో నేను బొల్లాపల్లి వైపు ఒక హైస్కూల్లో గుమాస్తాని. పదో తరగతి పిల్లల పేర్లన్నీ బడికి కొత్తగా వచ్చిన కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఆ సాయంత్రం నాలుగింటి బస్సుకి ఫ్లాపీలో గుంటూరు పంపాలి. అందులో పేరు లేకపోతే హాల్ టికెట్ రాదు, ఏడాది దండగ. అందరూ ఎక్కారు గాని ఒక్క కోటేశ్వరి మాత్రం ఎక్కనంది. ఎన్నిసార్లు కొట్టినా, సేవ్ కాలేదు, మీ అడ్మినిస్ట్రేటర్‌ను సంప్రదించండి అని ఇంగ్లీషులో ఒకటే పాట. ఆ అడ్మినిస్ట్రేటర్ ఎవరమ్మా, కలెక్టరుగారా అని మా హెడ్మాస్టరుగారు కంగారుపడ్డారు. బడి మొత్తానికి ఆ పెట్టెను ముట్టుకునేది నేనొక్కదాన్నే, ఇక నన్ను నేనే సంప్రదించుకోవాలి!

కబురు వినగానే ఆ పిల్ల తల్లి పత్తిచేలోంచి అలాగే, కొంగుకి అంటిన దూదైనా దులుపుకోకుండా పరుగెత్తుకొచ్చింది.

“ఏందమ్మా, నా బిడ్డ పేరే ఎందుకు తీసుకోట్లా అది? ఈ ఏడు పోతే ఆళ్ల నాన్న బడి మానిపిస్తాడు” అని కళ్లనీళ్లు పెట్టుకుంది.

అప్పటికే మూడు దాటింది. ఏమీ తోచక, ఎక్కిన పేర్లన్నీ మొదటినుంచీ పైకి చదవసాగాను. కోటేశ్వరి పేరుగల పిల్లలు ఆ క్లాసులో నలుగురున్నారు కనక నాకు ఏ అనుమానమూ రాలేదు. సగంలో ఇంకో కోటేశ్వరి పేరు, తండ్రిపేరు చదవగానే ఆమె నా భుజం పట్టుకుని ఆపింది.

“ఆగమ్మా, ఆ పిల్ల మా తోడికోడలి కూతురు. దాని నాన్న పెదకోటయ్య, మాయన చినకోటయ్య. మా అత్త కొండకి మొక్కుకుని కొడుకులిద్దరికీ ఆ పేరే పెట్టింది, మనవరాళ్లకీ అదే.”

కోటప్పకొండ చుట్టుపక్కల కోటయ్య లేని ఇల్లుంటుందా! ఇంటిపేరు, పేరు, తండ్రిపేరు, ఊరు అన్నీ ఒకటే అయ్యేసరికి, ఒకే పిల్లను రెండోసారి రాస్తున్నానని ఆ యంత్రం అనుకుంది. ఆ ముక్కేదో చెప్పి చావొచ్చుగా! ఇద్దరు తండ్రుల పేర్లకూ పెద, చిన చేర్చి కొట్టాను, ఎక్కింది. అమ్మయ్య! ఫ్లాపీ బస్సుకి అందింది, హాల్ టికెట్టూ వచ్చింది, పిల్ల పాసయింది కూడా.

ఆ రోజు ఆ తల్లి నాకు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. అడ్మిషన్ రిజిస్టరులో పెద, చిన రెండూ ముచ్చటగా రాసే ఉన్నాయి. ఇంట్లో పిలుచుకునే ముక్కలు సర్టిఫికెట్లో ఎందుకులే అని కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు తీసేసింది నేనే. ఇవాళ్టి యంత్రమైతే తప్పెక్కడుందో ఆమె ఎదుటే, ఆమెకి తెలిసే భాషలో చెప్పేసేది. ఆనాటి పెట్టెకి చెప్పడం చేతకాలేదు. నాకు చేతనయ్యీ చెప్పలేదు.