టార్చి దొరికింది, రూలు తగిలింది

గ్వెన్ ఆటరీకి అరవై ఏడేళ్లు. ముప్పై ఏళ్లు కార్ల సీట్లు కుట్టిన చెయ్యి. ఇంగ్లండులో లింకన్‌షైర్‌లోని మూతబడ్డ వైమానిక స్థావరంలో ఓ పాత యుద్ధవిమానం ఉంటే, దాని గాలిగొట్టాలకు గుడ్డమూతలు కుట్టివ్వడానికని వచ్చింది. పదకొండేళ్లయినా వదల్లేదు మహాతల్లి! తుప్పు గీకింది, మరలు బిగించింది, చివరికి పక్కన నిలబడి ఇంజన్ స్టార్ట్ చేయించే పెద్దరికం సంపాదించింది. విమానం ఇక ఎగరదు. రన్‌వే మీద దూసుకెళ్లి ఆగుతుంది, అంతే. ఆ మొదటి పరుగు ఈ ఆదివారమే. రెండువేలమంది వానలో తాడు వెనక నిలబడ్డారు. గ్వెన్‌కు పొద్దుట్నించీ కాళ్లు నేలమీద ఆనడం లేదు.

తెల్లారగానే అందరూ భుజం భుజం కలిపి నడుస్తూ రన్‌వే మీద గులకరాళ్లు ఏరారు. గాలిగొట్టంలోకి ఒక్క రాయి పోయినా ఇంజన్ బుగ్గిపాలే. పనిముట్లతోనూ అదే భయం. అందుకే పనిముట్లు తగిలించే పలక మీద ప్రతిదానికీ దాని ఆకారం గీసి ఉంటుంది. ఒక్కటి ఖాళీగా కనిపించినా స్టార్ట్ చేయరు. పోగొట్టినవాళ్లు ఆ రోజంతా తాడు వెనకే. ఆ రూలు పెట్టింది గ్వెనే. పోయినేడు స్పానరు మరిచిన బస్సు డ్రైవరు బర్నబీని, ఎంత బతిమాలినా వినక, ఆ రోజుకి తాడు వెనక్కి గెంటేసిందీ ఆవిడే.

ఇప్పుడు పలక మీద టార్చి లేదు.

ఆపమని సైగగా గ్వెన్ చేతులు తలపైన అడ్డంగా పెట్టింది. అంతా ఆగిపోయింది. పదిహేనుమంది బోర్లాపడి వెతికారు. జనం గొణుగుతున్నారు. ముక్కు తుడుచుకుందామని గ్వెన్ రెయిన్‌కోటు కింద జేబులో చెయ్యి పెట్టింది. పొద్దున గొట్టంలోకి తొంగిచూడ్డానికి తీసిన టార్చి అక్కడే ఉంది.

ఎవరూ చూడలేదు. పలక రెండడుగుల దూరం. తగిలించేస్తే సరి. పదకొండేళ్లు ఈ క్షణం కోసమేగా! ఛీ, ఇదేం పాడుబుద్ధి అని తన్ను తానే తిట్టుకుని హెడ్‌సెట్‌లో పైలట్ లెనార్డ్‌తో చెప్పేసింది.

"టార్చి దొరికింది. నా జేబులోనే ఏడ్చింది."

"పోనీలే గ్వెన్, దొరికిందిగా. నువ్వు లేకుండా ఇవాళ ఏముంది? కానియ్యి."

"నువ్వూరుకో లెనార్డ్. బర్నబీకో రూలూ నాకో రూలూనా?"

ఇంజన్ స్టార్ట్ చేయించే పని నేర్చిన రెండోమనిషి బర్నబీయే. హెడ్‌సెట్ అతని చేతిలో పెట్టి కదలబోయింది. అతను దారికి అడ్డంగా నిలబడ్డాడు.

"రెండో జేబు కూడా చూపించి వెళ్లు, తల్లీ."

చూపించింది. సగం కొరికిన బిస్కెట్ ఉంది. దాన్నీ లాక్కున్నాడు.

ఇంజన్లు రెండూ అందుకున్నాయి. నేల అదిరింది, పక్కటెముకలు అదిరాయి. విమానం నిప్పు కక్కుతూ కళ్లముందునుంచి దూసుకుపోతుంటే గ్వెన్ తాడు పట్టుకుని గొంతు చించుకుని అరిచింది. రన్‌వే చివర్న, వేగం తగ్గించే పారాచూట్ దాని తోక వెనక విచ్చుకుంది. ఆగింది. ఏమీ కాలేదు. పక్కనున్న ఆవిడ, మీవాళ్లెవరైనా ఉన్నారా అక్కడ అని అడిగింది.

"ఉన్నాడు, బర్నబీ అని," అంది గ్వెన్ కళ్లు తుడుచుకుంటూ. "నాకన్నా మొండోడు."