స్వీడన్ విందులో నా ఒప్పుకోలు

చేతిలో ఉన్న ఉద్యోగం పోగొట్టుకోవడం ఎవరికైనా చేతనవుతుంది. ఇంకా చేతికి రాని ఉద్యోగాన్ని, నలుగురు భోంచేస్తున్న చోట మోకాళ్ళ మీద కూర్చుని, పోగొట్టుకోవడానికి శాయశక్తులా పాటుపడ్డ మనిషి సౌదీలోని ఈ దమ్మామ్ మొత్తానికి నేనొక్కదాన్నే అయి ఉంటాను. ఎలాగో చెబుతాను. నవ్వబోయేవాళ్ళకు ముందుగానే నా వందనాలు.

నేను బడి గడప తొక్కలేదు. మా నాన్న ఇంట్లోనే అక్షరాలు దిద్దించి, బైబిలు చదివించి, ఎక్కాలు అప్పజెప్పించుకుని, "ఇంక నీకు రానిది లేదమ్మా" అని తేల్చేశాడు. అందువల్ల నా జన్మలో రాసిన పరీక్ష ఒకటే, అందుకున్న సర్టిఫికెట్టూ ఒకటే. దమ్మామ్ వచ్చిన కొత్తలో పరాయి దేశాల ఆడవాళ్ళకు అరబీ నేర్పే పది రోజుల శిబిరం పెడితే, నేను ఆయాగా చేరిన ప్లేస్కూలు యజమాని నన్ను అక్కడికి పంపించాడు. శిబిరంలో నా గదిలో ఇద్దరుండేవారు. ఒకరు నరసాపురం నర్సు సుగుణ, ఇంకొకరు స్వీడన్ ఇంజనీరు గారి భార్య ఇంగ్రిడ్. ఆ పది రోజుల్లో ముగ్గురం నవ్విన నవ్వులో పదో వంతు అరబీ కూడా నేర్చుకోలేదు. అయినా దేవుడి దయవల్ల ముగ్గురికీ సర్టిఫికెట్లు వచ్చాయి. అందులో దేవుడి దయ ఎంత, నా మెడ సాగడం ఎంత అన్నది కాసేపట్లో మీకే తెలుస్తుంది.

నాలుగేళ్ళు గడిచాయి. ప్రతి సంస్థా ఇంతమంది సౌదీలను పెట్టుకోవాలన్న నితాకాత్ లెక్కలో మా ప్లేస్కూలు ఎరుపులో, అంటే లెక్క తప్పినవాళ్ళ జాబితాలో, పడింది. కాలు విరిగినవాడి మీద కొబ్బరికాయ పడ్డట్టు, దాని మీద పరాయి పనివాళ్ళకు తలకింతని లెవీలు వచ్చిపడ్డాయి. నా ఇకామా, అంటే ఈ దేశంలో ఉండనిచ్చే కార్డు, పొడిగించడం తన వల్ల కాదని యజమాని చేతులెత్తేశాడు. నెలలోగా నా పూచీ పడే ఇంకో యజమాని, ఇక్కడి మాటలో కఫీల్, నన్ను తీసుకోకపోతే ఎగ్జిట్ ముద్ర కొట్టించుకుని విమానం ఎక్కడమే. అదిగో, అప్పుడు సుగుణ ఫోన్ చేసింది.

"అక్కా, ఇంగ్రిడ్ వాళ్ళ కాంపౌండులో పిల్లల బడి ఉంది కదా, ఇప్పుడు దాన్ని ఆవిడే చూసుకుంటోంది. ఆయా కావాలంట. శుక్రవారం మనిద్దర్నీ భోజనానికి రమ్మంది, వాళ్ళ దేశం వంటలంట. కాంపౌండు మేనేజరమ్మ కూడా వస్తుంది, సౌదీ ఆవిడ. ఆవిడ ఊ అంటే నీ కఫాలా వాళ్ళ పేరు మీదకి మారిపోద్ది."

"నాలో ఏం చూసి ఊ అంటుందే?"

"అరబీ వచ్చిన ఆయా కావాలంట. నీకు సర్టిఫికెట్టు ఉంది కదా. అది పట్టుకుని, నోరు మూసుకుని రా."

సుగుణ చెప్పిన రెండు పనుల్లో మొదటిది చేశాను.

ఇంగ్రిడ్ మమ్మల్ని కౌగలించుకుని, చెప్పులు బయట విడిపించి లోపలికి తీసుకెళ్ళింది. మేనేజరు ఉమ్ము ఫహద్ అప్పటికే వచ్చి కూర్చుని ఉంది, నేనిచ్చిన సర్టిఫికెట్టు చేతిలోకి తీసుకుంది. బల్ల మీదకు చూశాను. మధ్యలో అప్పడాల్లాంటి పలచని ఎండు రొట్టె. ఒక్కొక్కరి ముందూ బొటనవేలంత గ్లాసు, అందులో ఎర్రటి పళ్ళరసం. పక్కన అచ్చేసిన పాటల కాగితం.

మా సంఘంలో ప్రభు సంస్కారం ఇచ్చేది అచ్చం ఇలాగే. అదే రొట్టె ముక్క, అదే చిన్న గ్లాసు, అదే ఎరుపు, ముందుగా ఒక కీర్తన. ఇంగ్రిడూ ఆమె భర్తా వీపు నిటారుగా పెట్టి, గ్లాసు గుండెల దాకా ఎత్తి, గంభీరంగా పాట పాడారు. తర్వాత ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకుని ఒక్క గుక్కలో తాగి, మళ్ళీ చూసుకుని, నిశ్శబ్దంగా గ్లాసు దించారు. తలుపులు బిగించి గుసగుసగా పాడుకునే ఆరాధనకు అలవాటుపడ్డ నేను, సౌదీ మేనేజరమ్మ ఎదుటే వాళ్ళ ధైర్యం చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. ఆమె కూడా తాగేసరికి రెండు చేతులూ జోడించాను.

ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అంటారు. భక్తి సందర్భమెరగదని ఎవరూ చెప్పలేదు.

"తాగు దీనా" అంది ఇంగ్రిడ్.

ఎలా తాగను? తప్పు దాచుకుని ఆ గ్లాసు ముట్టకూడదని నాన్న నేర్పాడు. ఎవరిని మోసం చేశామో వాళ్ళకు అర్థమయ్యేలా ఒప్పుకోవాలనీ నేర్పాడు. కొంగు తల మీద కప్పుకుని, కుర్చీ జరిపి, ఉమ్ము ఫహద్ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. ప్లేస్కూలు పిల్లల దగ్గర నాలుగేళ్ళుగా పోగైన ప్రతి అరబీ మాటనూ బయటికి తీశాను.

"అమ్మా, నాకు అరబీ రాదు. మీ చేతిలో ఉన్నది దొంగ సొత్తు. గుండ్రటి బల్ల దగ్గర కూర్చోబెట్టి పరీక్ష పెడితే, ఎడమ పక్కనున్న ఇంగ్రిడ్ కాగితం చూసి రాశాను. మూడో ప్రశ్న దగ్గర ఆమె చెయ్యి అడ్డొస్తే, దోమ వాలిందని అబద్ధం చెప్పి చెయ్యి తీయించాను. దేవుడూ మీరూ నన్ను క్షమించండి."

సుగుణ బంగాళాదుంప నోట్లో పెట్టుకునే నా కొంగు లాగింది. "అక్కా, లెగు. కీర్తన కాదక్కా అది, ఇవి పళ్ళ నీళ్ళక్కా."

తన పేరు ఒక్కటే అర్థమైన ఇంగ్రిడ్, "ఏమంటోంది?" అని అడిగింది. ఉమ్ము ఫహద్ ఇంగ్లీషులో పొల్లుపోకుండా చెప్పింది. ఇంగ్రిడ్ ముఖం ఆ రసం కన్నా ఎర్రబడింది.

"కానీ నేను సుగుణది చూసి రాశాను" అంది.

ఉమ్ము ఫహద్ సుగుణ వైపు తిరిగింది. సుగుణ బంగాళాదుంప మింగి, "నేను మా అక్కది చూశానండి" అంది.

మరి మొదట రాసిందెవరు? ఈ ప్రశ్నకు ఇప్పటికీ జవాబు లేదు. సృష్టి రహస్యాల్లో అదొకటి అని వదిలేశాను. అడుసు తొక్కినవాళ్ళు కాలు కడుక్కోవాలి నిజమే, నేను కడిగిన నీళ్ళు మాత్రం మరో ఇద్దరి మీద పడ్డాయి.

ఇంగ్రిడ్ భర్త పాపం మర్యాదస్తుడు. మాంసపు ఉండల పళ్ళెం నా వైపు జరిపి, పాట అర్థం చెప్పాడు. అది వాళ్ళ ఊళ్ళో మందు గ్లాసు ఎత్తేముందు పాడేదట. "గుటుక్కున మింగరా, రెండోది కాచుకునుంది" అని దాని సారాంశం. నేను కళ్ళనీళ్ళతో విన్నది అది.

నేలలోకి కుంగిపోవడానికి చోటు వెతుక్కుంటుంటే ఉమ్ము ఫహద్ నా భుజం తట్టి లేపింది. విమానం టికెట్టు గురించే చెబుతుందనుకున్నాను.

"భోజనమయ్యాక నీకు అరబీ పరీక్ష పెడదామనుకున్నాను" అంది. "అక్కర్లేదు. అరబీ రాదని ఇంత చక్కటి అరబీలో చెప్పినవాళ్ళను నేను చూడలేదు. ఆదివారం పాస్‌పోర్టు తీసుకుని రా, కఫాలా కాగితాలు మొదలుపెడదాం."

దేవునికి స్తోత్రం. నాకు మళ్ళీ మోకాళ్ళ మీద కూర్చోవాలనిపించింది గాని, సుగుణ కొంగు వదల్లేదు.

అంతలో ఉమ్ము ఫహద్ ఇంగ్రిడ్ వైపు తిరిగి, బడిలో పిల్లలెంతమంది అని అరబీలో అడిగింది. ఇంగ్రిడ్ చిరునవ్వు నవ్వి, ఊరేసిన చేపల గిన్నె ఆమెకు అందించింది.

ఆ మరుసటి వారం నేను కొత్త బడిలో చేరాను. అదే రోజు ఇంగ్రిడ్ పెట్టె సర్దుకుని, పది రోజుల అరబీ శిబిరానికి మళ్ళీ బయల్దేరింది.

కాబట్టి పాఠకులారా, మీ అందరి ఎదుటా కొంగు తల మీద కప్పుకుని ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట నా తప్పులు దేవుడి దగ్గర తప్ప ఎవరి దగ్గరా ఒప్పుకోను. అదీ తెలుగులోనే, పక్క కుర్చీల పేర్లు ఎత్తకుండా.