తప్పు బొమ్మల పళ్ల డాక్టరు

పళ్ల డాక్టరుగారికి పాట శ్రుతి తప్పినా పట్టింపు లేదు. ఆ పాటతో పాటు తెర మీదికి రావలసిన ఆల్బమ్ కవరుకు బదులు ఇంకో బొమ్మ వచ్చిందా, ఇక ఆయన చేతిలో పని చేతిలోనే ఆగిపోతుంది.

కుర్చీలో వెనక్కి వాలినవాళ్లకు సరిగ్గా కనబడేలా పైకప్పుకు ఒక టీవీ బిగించారు. కంప్యూటర్లోని వేల పాటలు అందులో మోగుతుంటాయి. జోలపాటకు దొంగల సినిమా కవరు, విరహగీతానికి హాస్యనటుడి మొహం. చూశారా ఈ ఘోరం అని నోట్లో దూది కుక్కిన మనిషినే సాక్ష్యం అడుగుతారు. ఒక బ్యాంకు మేనేజరు ఆ కవరు ఏ సినిమాదో తేల్చడానికి గుడ్లురిమి వాదించి, పన్ను ఊడిన సంగతి మెట్లు దిగాక గమనించుకున్నాడట.

ఈ అవస్థ చూసి ఆయన మేనకోడలికి జాలేసింది. ఆదివారం మామయ్యకు చెప్పకుండా క్లినిక్కులో కూర్చుని, ప్రతి పాటకూ అసలు కవరు వెతికి తగిలించింది. మర్నాడు తన కూతుర్ని తీసుకొచ్చింది. పాలపన్ను పుచ్చి, చిగురు వాచింది. ఆ వాపు గురించి ఫోన్లో దొరికినవన్నీ చదివి ఆమె సగమైపోయింది. ఈ రోజు తీయకపోతే వాపు దవడకు పాకుతుందని డాక్టరుగారూ అన్నారు. పిల్ల మాత్రం పెదవులు బిగించి, పట్టకారు వైపే చూస్తోంది.

డాక్టరుగారు ఆశగా పైకి చూశారు. సరైన బొమ్మ. పాట మార్చారు. అదీ సరైనదే. ఆయన మొహం వాడిపోయింది.

"ఎవరమ్మా ఇవన్నీ బాగుచేసింది?"

"నేనే మామయ్యా. మీకు చిరాకు కదా అని."

"నా కొంప ముంచావు తల్లీ," అన్నారాయన పిల్లకు వినబడకుండా. "ఆ తప్పులు పనిగట్టుకుని పెట్టుకున్నది నేనే. పైన తప్పు కనబడుతుంటే పట్టకారు ఎవరికి కనబడుతుంది?"

ఆమె నాలుక్కరుచుకుంది. కంప్యూటరు దగ్గరికి పరిగెత్తి, పిల్లకు ప్రాణమైన ఏనుగు పాట వెతికి, కవరు తీసేసి, మామయ్య ఫొటో తగిలించింది.

పాట మోగింది. పిల్ల కళ్లు పైకి తిరిగాయి.

"అది ఏనుగు కాదు. తాతయ్య."

"ఏనుగేనమ్మా. చెవులు సరిగ్గా చూడు," అన్నారు డాక్టరుగారు, చిగురుకు తిమ్మిరి మందు రాస్తూ.

"మరి తొండమేదీ?"

"జలుబు చేసిందని లోపల పెట్టుకుంది."

పిల్ల నోరంతా తెరిచి పకపకా నవ్వింది. ఆ నవ్వు ఆగేసరికి పన్ను ఆయన అరచేతిలో ఉంది. తల్లే ఇంకా ఊపిరి బిగబట్టి నిలబడింది.

దూది కొరుకుతూ పిల్ల పైకి వేలు చూపించింది, ఆ బొమ్మ మార్చమని. తల్లి మౌస్ అందుకోబోయింది.

"ఉండనియ్యమ్మా," అన్నారు డాక్టరుగారు గొంతు తగ్గించి. "బయట పోలీసు ఇన్‌స్పెక్టరుగారు ఇందాకట్నుంచి వణుకుతున్నారు."