అమ్మ గొంతుకి వారం సెలవు

నా చిన్నప్పుడు మా బడికి సెలవులుండేవి కావు. మా బడి మా ఇంట్లోనే ఉండేది మరి. నాన్నగారిది కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం. కాకినాడ నుంచి ఢిల్లీకి బదిలీ అయి వచ్చేసరికి చదువుల ఏడాది సగం గడిచిపోయింది, దగ్గర్లో ఎక్కడా సీటు దొరకలేదు. పెళ్లికి ముందు పంతులమ్మగా పనిచేసిన అమ్మ, ఈ కొద్ది నెలలూ నేనే చెప్పుకుంటాలెండి అంది. ఆ కొద్ది నెలలు కాస్తా మూడేళ్లయ్యాయి.

ఆర్.కె. పురం క్వార్టర్లో భోజనాల బల్లే మా తరగతి గది. నేనూ తమ్ముడూ ఇద్దరమే పిల్లలం. అమ్మ కూర కలుపుతూ ఎక్కాలు చెప్పించేది, బట్టలారేస్తూ నదుల పేర్లు అడిగేది, పడుకోబోయే ముందు కథ చదివి వినిపించేది. ఆ కథ చదివే గొంతంటే నాకు ప్రాణం. ఏ స్కూలమ్మా అని ఎవరైనా ఆంటీ అడిగితే, కాస్త గర్వంగానే అమ్మ స్కూలు అని చెప్పేదాన్ని.

మాతో పాటు నాయనమ్మ ఉండేది. ఆడపిల్లనీ మగపిల్లాణ్ణీ ఇంట్లో కూర్చోబెట్టి ఏం చదువని ఆవిడకి మొదటినుంచీ అసంతృప్తి. అది రోజుకోసారైనా పైకి అనేది. చిన్నప్పుడు ఎవరో ఆవిడకి వస కాస్త ఎక్కువే పోసి ఉంటారు. కూరలబండి భయ్యాతో తెలుగులో బేరమాడేది, అతను హిందీలో జవాబు చెప్పేవాడు, ఇద్దరూ ఏ ఇబ్బందీ లేకుండా అరగంట మాట్లాడుకునేవారు. ఊరందరికీ పంచాల్సిన కబుర్లు ఢిల్లీలో మా నలుగురికే పంచాల్సి రావడం ఆవిడకి పెద్ద లోటు.

ఒక చలికాలం అమ్మ గొంతు బొంగురుపోయింది. జలుబే కదా అని మిరియాల కషాయం తాగింది, ఉప్పునీళ్లు పుక్కిలించింది, పాఠాలు మాత్రం ఆపలేదు. నెల తిరిగేసరికి మాటలో సగం గాలే వస్తోంది. చివరికి డాక్టరుకి చూపిస్తే స్వరపేటిక వాచిందన్నాడు. వారం రోజులు "బిల్కుల్ చుప్" అన్నాడు. గుసగుసలు కూడా పనికిరావట. అప్పటికీ వాపు తీయకపోతే ఆపరేషన్ మాట ఆలోచించాలి, ఆ తరవాత గొంతు మళ్లీ మునుపటిలాగే ఉంటుందని మాత్రం చెప్పలేను అన్నాడు. నాన్నగారు ఇంటికొచ్చి ఇదంతా చెప్పారు. అమ్మకి గొంతు లేకపోవడం ఎలా ఉంటుందో నేను ఊహించుకోలేకపోయాను.

వారం రోజులు మన బడికి సెలవు అని నాన్నగారు ప్రకటించారు. తను కూడా ఆఫీసుకి సెలవు పెట్టారు. మా బడికి అదే మొదటి సెలవు.

మొదటి రోజు ఎలా గడిచిందో తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. నువ్వు విశ్రాంతి తీసుకో అని చెప్పిన నాన్నగారే, వెంటనే నా తెల్ల బనియన్లు ఎక్కడున్నాయని అడిగారు. తమ్ముడు కత్తెర అడిగాడు. నేను ఏం తోచడం లేదని చెప్పడానికి పదిసార్లు అమ్మ దగ్గరికే వెళ్లాను. నాయనమ్మ అయితే మాట్లాడొద్దమ్మా అంటూనే, ఆ నోటితోనే చింతపండు ఎక్కడ పెట్టావంది. అమ్మ అలవాటుకొద్దీ అందరికీ జవాబు చెప్పింది. చెప్పినప్పుడల్లా అందరం కలిసి ఆవిణ్ణే కోప్పడ్డాం. సాయంత్రానికి అమ్మ నోటివెంట గాలి తప్ప ఏమీ రాలేదు. అమ్మ వంటింట్లోకి వెళ్లి, మాకు కనబడకుండా కళ్లు తుడుచుకుంది.

అది నాయనమ్మ చూసింది. మమ్మల్నీ నాన్నగారినీ తన మంచం దగ్గరికి పిలిచింది.

"మాట్లాడకు, మాట్లాడకు అని పొద్దస్తమానం మనం వాగుతుంటే దాని నోరు ఊరుకుంటుందేంట్రా? అడిగేవాళ్లు నోరు మూసుకుంటే చెప్పేవాళ్లకి పనుండదు. రేపట్నుంచి గడప లోపల ఎవ్వరూ మాట్లాడకూడదు. నాతో సహా."

ఆ చివరి మాట విని నాన్నగారు తలొంచుకుని నవ్వు ఆపుకున్నారు. నాయనమ్మ మధ్యాహ్నం దాకా కూడా ఆగదని మేమంతా అనుకున్నాం.

కానీ ఆగింది. చేతులు ఊరికే ఉంటేనే నోరు లేస్తుందని ఆవిడకి తెలుసు. పాత చీరలు చింపి మాచేత గుడ్డ బొమ్మలు కుట్టించింది. మైదా ఉడికించి జిగురు చేసి, అగ్గిపెట్టెలతో రైలు కట్టించింది. ఏది ఎలా చెయ్యాలో మాటల్లో చెప్పడానికి లేదు కనుక ఆవిడ చేసి చూపించేది, మేం చూసి చేసేవాళ్లం. నాయనమ్మ చేతుల్ని అంత శ్రద్ధగా నేను అంతకుముందెప్పుడూ చూడలేదు. ఎవరికి ఏం కావాలన్నా అమ్మని అడగకుండా వెతుక్కోవడం నేర్చుకున్నాం. బనియన్లు బీరువాలో ఎప్పుడూ ఉండే చోటే ఉన్నాయి.

మధ్యాహ్నాలు నాన్నగారు మమ్మల్నీ నాయనమ్మనీ బయటికి తీసుకెళ్లేవారు. ఒకరోజు రైలు మ్యూజియం, ఒకరోజు లోదీ గార్డెన్, ఒకరోజు కొత్తగా వచ్చిన మెట్రో. గడప దాటి మెట్లు దిగుతుండగానే నాయనమ్మ మొదలుపెట్టేది. పొద్దుటినుంచీ దాచుకున్న మాటలన్నీ మెట్రోలో పక్కన కూర్చున్న సర్దార్‌జీకి తెలుగులో చెప్పేసింది. ఆయన "అచ్ఛా, అచ్ఛా" అంటూ రెండు స్టేషన్లదాకా విన్నాడు. మేం తిరిగి వచ్చేసరికి అమ్మ పడుకుని ఉంది. పట్టపగలు అమ్మ నిద్రపోవడం నేనెప్పుడూ చూడలేదు. భయమేసి, ఊపిరి తీస్తోందా లేదా అని దగ్గరికెళ్లి చూశాను.

వారం మధ్యలో ఒకరోజు హాల్లో ఎండపొడ దగ్గర కూర్చుని నాయనమ్మా అమ్మా బఠాణీలు ఒలుస్తున్నారు. మేం రైలుకి రంగులు వేస్తున్నాం. ఎదురుగా కనబడే వంటింట్లో స్టవ్ మీద పాలున్నాయి. నాయనమ్మ దగ్గర పాల విషయంలో వేళాకోళం పనికిరాదు. గిన్నెకి అంటిన మీగడ కూడా వేలితో తీసే మనిషి. పాలు పొంగు రావడం ముందు అమ్మకే కనబడింది. గబుక్కున నోరు తెరిచింది. నాయనమ్మ స్టవ్ వైపు చూసింది, అమ్మ వైపు చూసింది, చేతిలో కాయ వదిలేసి అరచేత్తో అమ్మ నోరు మూసింది. నేను పరుగెత్తి స్టవ్ ఆపేలోపు సగం పాలు గట్టు మీదినుంచి నేల దాకా పారాయి. నాయనమ్మ అటు చూడను కూడా చూడలేదు. పోతే పోనీ అన్నట్టు రెండో చెయ్యి ఊపింది. అమ్మ ఆ అరచేతి వెనకనుంచి చప్పుడు లేకుండా నవ్వడం మొదలుపెట్టింది, నవ్వుతూనే ఏడ్చేసింది. నాయనమ్మ కొంగుతో ఆవిడ మొహం తుడిచి మళ్లీ బఠాణీలు అందుకుంది. వాళ్లిద్దరి మధ్యా ఇంత ఆపేక్ష ఉందని నాకప్పటిదాకా తెలియదు.

వారం తిరిగాక డాక్టరు చూసి వాపు బాగా తీసిందన్నాడు. ఆపరేషన్ అక్కర్లేదు, కొంచెం కొంచెంగా మాట్లాడొచ్చు అన్నాడు. అమ్మ దారిలో ఏమీ మాట్లాడలేదట. గుమ్మంలోకి రాగానే మేమిద్దరం మీదపడి మొహంలోకి చూస్తున్నాం. అమ్మ మమ్మల్ని పక్కకి జరిపి, మంచం మీద మౌనంగా కూర్చుని ఎదురుచూస్తున్న నాయనమ్మ దగ్గరికి వెళ్లింది.

"అత్తయ్యగారూ, ఇంక మీరు మాట్లాడండి."

సన్నగా, కొంచెం జీరగా, కానీ అమ్మ గొంతే. నాయనమ్మ కళ్లనిండా నీళ్లు. "ఏం మాట్లాడనే అమ్మాయ్, అలవాటు తప్పిపోయింది" అంది.

ఆ అలవాటు సాయంత్రానికల్లా తిరిగొచ్చిందనుకోండి. ఇంట్లో చదువేమిటన్న సణుగుడు మాత్రం ఆ తరవాత నేను వినలేదు. ఆదివారం మా బడికి సెలవని కూడా ఆవిడే తీర్మానించింది.

ఇప్పుడు గురుగ్రామ్‌లో నాకూ ఒక ఇల్లుంది, అందులో అడిగే నోళ్లు చాలానే ఉన్నాయి. ఇంట్లో ఎవరైనా అలసిపోయి వస్తే 'రెస్ట్ తీసుకో' అనడం చాలా తేలిక. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చినప్పుడల్లా బఠాణీల వాసన వేసే ఆ అరచెయ్యి నా నోటికే అడ్డం వచ్చినట్టుంటుంది. పిల్లల్ని పిలుచుకుని, తలుపు దగ్గరికి వేసి, కిందికి వెళ్లిపోతాను. స్టవ్ మీద పాలుంటే ఆపి వెళతాను. ఎప్పుడైనా మరిచిపోతే, పోతే పోనీ అనుకుంటాను.