మా పాత ఇంట్లోనే రక్తమిచ్చాను

జమ్మలమడుగులో చెక్క గానుగ నూనె షాపు పెట్టాలని ఒక గది అద్దెకు తీసుకున్నాను. తాళంచెవి చేతికొచ్చిన రోజు, షట్టర్ సగం ఎత్తేసరికి గుండె దడదడలాడింది. చేతులు తిమ్మిరెక్కాయి. ఊపిరి అందలేదు. చచ్చిపోతున్నాననుకున్నాను. అయినా ఎవరినీ పిలవలేదు. ఊళ్లో మమ్మల్ని ఇప్పటికీ 'పెద్దింటోళ్లు' అంటారు. ఆ పెద్దిల్లు మా నాన్న చివరి రోజుల్లో అమ్మేశాం, పేరు మాత్రం మిగిలింది. పెద్దింటి కొడుకు వీధిలో కూలబడ్డాడని అనిపించుకోవడం నాకు ఇష్టం లేదు.

తెలిసినవాళ్లు చూడకూడదని పులివెందుల పోయాను. ఈసీజీ, ఎకో, రక్తపరీక్ష అన్నీ నార్మల్. "గుండె బాగుంది. ఇది పానిక్ అటాక్ మాదిరి ఉంది. ప్రొద్దుటూరులో సైకియాట్రిస్టుకు చూపించుకోండి" అన్నాడు డాక్టరు. మా వంశంలో పిచ్చివాళ్లు లేరని చెప్పి లేచి వచ్చేశాను. ఆ మాట అన్నందుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

ఆ నెలలోనే మరో మూడుసార్లు వచ్చింది. మూడోసారి బస్సులో, పక్కన నా భార్య సుజాత ఉండగా వచ్చింది. ఇక దాచడానికి లేకపోయింది. మరుసటి రోజే నన్ను ప్రొద్దుటూరు తీసుకుపోయింది.

డాక్టరమ్మ రోజుకొక మాత్ర రాసింది. నెమ్మదిగా ఊపిరి వదలడం నేర్పింది. "వచ్చినప్పుడల్లా యాడ ఉన్నారో రాసుకోని రాండి. షాపు ఇప్పుడే తెరవద్దు. ముందు ఇది చూసుకుందాం" అంది. పదిహేను రోజుల్లో నెమ్మదించింది. తగ్గింది కదా అని మాత్రలు నేనే ఆపేశాను. వారం తిరక్కుండా మునుపటికంటే గట్టిగా వచ్చింది. "బీపీ మాత్రయితే ఇట్ల ఆపుతారా?" అని డాక్టరమ్మ మళ్లీ మొదలుపెట్టించింది.

పాతవీ కొత్తవీ రాసుకున్న నా నోటుబుక్కు చూసి, "అన్నీ ఒకే చుట్టుపక్కల వస్తాండాయే. ఆడ ఏముంది?" అని అడిగింది. అప్పుడు చెప్పాను. షాపు మా పాత ఇంటి వెనక వీధిలో ఉంది. బస్సు ఆగింది కూడా ఆ మలుపులోనే. ఇల్లు అమ్మినప్పటి నుంచి ఆ ఇంటి వీధిలో మాత్రం అడుగుపెట్టలేదు. కూరగాయలకు పోయినా రెండు సందులు చుట్టి పోయేవాడిని. ఇప్పుడా ఇల్లు రక్తపరీక్షల ల్యాబ్.

థైరాయిడ్ తేడా ఉన్నా దడ రావచ్చని ఆమె ఆ రక్తపరీక్ష రాసింది. నేను పొద్దున్నే పులివెందులకు బయలుదేరబోయాను.

"పరగడుపున బస్సెక్కి పోయి రగతం ఇచ్చొస్తారా? ఈడ ల్యాబు లేదా ఏంది?" అంది సుజాత.

"అది ల్యాబు కాదు, మా ఇల్లు."

"అమ్మిందే మీరు. ఆ సంగతి మీకు తప్ప ఊరందరికీ తెలుసు!"

ఈ మాట చెబితే డాక్టరమ్మ నవ్వింది. "అయితే ఆ పరీక్ష ఆ ఇంట్లోనే ఇయ్యాల. తొందరేం లేదు" అంది. మొదటి వారం వీధి మొదట్లో నిలబడాలి. తర్వాత ఇంటికి ఎదురుగా. దడ వస్తే పారిపోకుండా, తగ్గేదాకా అక్కడే ఉండాలి.

ఎదురుగా మస్తాన్ మామ సైకిల్ షాపు ఉంది. నన్ను చిన్నప్పటి నుంచి ఎరిగినవాడు. నేను పోయి నిలబడగానే బెంచీ జరిపి, "వచ్చినావా అప్పా! ఇన్నేండ్లు సందులు సుట్టుకోని పోతాంటివి, చూల్లేదనుకుంటివా?" అన్నాడు.

"నీకు తెలుసా మామా?"

"వీధంతా తెలుసు. శానా బాధపడినోడు, అడగొద్దని ఎవురూ ఆ మాట ఎత్తలే."

వీళ్లు నవ్వుతారనే నేను ఇన్నేళ్లూ చుట్టు తిరిగాను. ఆ బెంచీ మీదే ఏడ్చాను. నాన్న పోయినప్పుడు కూడా నలుగురిలో ఏడవలేదు. మస్తాన్ మామ తల తిప్పుకుని, బాగున్న టైరుకే గాలి కొడుతూ కూర్చున్నాడు.

ఐదో వారం లోపలికి పోయాను. నాన్న మంచం ఉండిన గదిలోనే రక్తం తీసే కుర్చీ వేశారు. "పేరేంది సార్?" అంది అక్కడి అమ్మాయి. నా పేరు చెప్పాను, ఎవరి కొడుకునో చెప్పలేదు. దడ వచ్చింది. సూది తీసేలోపే తగ్గిపోయింది. రిపోర్టు నార్మల్.

మరో నాలుగు నెలలు ఆగి షాపు తెరిచాను. మాత్రలు డాక్టరమ్మే కొంచెం కొంచెంగా తగ్గించి ఆపింది. తొలి సీసా మస్తాన్ మామ కొన్నాడు. గల్లాపెట్టె ముందు నిలబడి "రాండి, రాండి" అని నేనే పిలుస్తున్నాను. దడ అప్పుడప్పుడు తొంగిచూస్తుంది. కాసేపుండి పోతుంది.

కొత్త పని మొదలుపెట్టబోయేవాళ్లకు ఒక్క మాట. మీరు చుట్టు తిరిగి పోయే వీధి ఏదైనా ఉంటే, ఈసీజీ కాగితాలకంటే ముందు దాని సంగతి డాక్టరుకు చెప్పండి. నేను చెప్పడానికి రెండు నెలలు పట్టింది. ఇప్పుడు షాపు నుంచి ఇంటికి ఆ వీధిలోనే నడిచిపోతున్నాను. అదే దగ్గర దారి.