నాగేశ్వరయ్య పొత్తు రేడియో

నందికొట్కూరులో నూనె అంగడి నాగేశ్వరయ్యను అడిగితే, లోకంలో తనదంటూ ఒక్క వస్తువూ లేదు. అన్నీ పొత్తే. గొడుగు పక్కింటివాళ్లతో పొత్తు. ఆవు ఎదురింటివాళ్లతో పొత్తు. బనగానపల్లె మామిడిపండ్ల గంప తెస్తే, దారిలో కనబడిన వాళ్లందరితో పొత్తు. ఈ పొత్తుల కాపురంతో భార్య చెన్నమ్మ ప్రాణం విసిగిపోయింది. వాన పడిన రోజున గొడుగు ఇంట్లో ఉన్న పాపాన పోలేదు.

"ఏమయ్యా, నీదంటూ ఏమన్నా ఉండాదా?"

"పంటినొప్పి ఉండాదిలేవే. వాటాకు వస్తారేమోనని అందర్నీ అడుగుతాండా, ఒక్కడూ రాలే."

యుద్ధం ముదిరిన రోజుల్లో బ్యాటరీ రేడియో తెచ్చాడు. అంగళ్లవాళ్లంతా వాటాదారులే. మద్రాసు వార్తల వేళకు అందరూ ఈయన అరుగు మీదే. వాళ్లకు మజ్జిగ మోయడం మాత్రం ఒక్క చెన్నమ్మ వాటా.

కూలికి పోయే విశ్వాసమ్మ వీధిలో నిలబడి వినేది. ఆమె కొడుకు పటాలంలో చేరి బర్మా సరిహద్దులో ఉన్నాడు. బండ్ల చప్పుడుకు సగం మాటలు వినబడక ఒకనాడు మెట్టెక్కబోయింది.

"వాటా ఉన్నోళ్లకే అరుగు. నీకేం పని ఈడ?" అని గదమాయించాడు బట్టల అంగడి బాలసుబ్రహ్మణ్యం. ఆమె వెనక్కి తగ్గింది. నాగేశ్వరయ్య రేడియో మర తిప్పుకుంటూ కూర్చున్నాడు.

చెన్నమ్మకు మండుకొచ్చింది. "పంటినొప్పిలో కూడా వాటా ఇస్తానంటివే, ఆ తల్లికింత చోటియ్యను నోరు పెగల్లేదా?"

"చూస్తాంలేవే" అన్నాడు.

ఎండలు ముదిరాక కర్నూలు నుంచి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. రేడియోల వెనక విదేశీయుల చెయ్యి ఉండకూడదని సర్కారు నియమం. వాటాదారులందరినీ బయటపెట్టాలి. ఒక్కరిని దాచినా పెట్టె జప్తు. ఊళ్లు తిరిగి తిరిగి అలసిన ఆయన అరుగు మీద కూలబడి, "ఇది ఎవరిది?" అన్నాడు.

అడగరాని మనిషిని అడిగాడు, ఇంక తెల్లారినట్లే అనుకుంది చెన్నమ్మ.

నాగేశ్వరయ్య మొదలుపెట్టాడు. పేర్లు ఒక పట్టాన తెమల్లేదు. "కంబన్నకూ వాటా ఉండాది సామీ. ఆయప్పది బళ్లారి. అది విదేశం కిందికి వస్తాదా?"

ఇన్‌స్పెక్టరు కళ్లు మూసుకున్నాడు. "రాదు. అంతేనా?"

"ఇంకొకరుండారు. అదో, వీధిలో నిలబడిన విశ్వాసమ్మ. గంపెడు చింతపండిచ్చి నా వాటాలో సగం తీసుకునింది."

విశ్వాసమ్మ తెల్లబోయింది. ఆ చింతపండు నూనెకు బదులిచ్చిందని చెన్నమ్మకు తెలుసు. మొగుడి ముఖం చూసింది. అప్పుడర్థమైంది.

"నిజమే సామీ, ఆ చింతపండు నేనే తీసుకున్నా" అంటూ చెన్నమ్మ ఇంట్లోంచి బయటికొచ్చింది.

"అబద్ధం! ఆమెకేం వాటా?" అని లేచాడు బాలసుబ్రహ్మణ్యం.

"ఓహో, వాటాదారును దాస్తున్నారన్నమాట. పెట్టె దించండి" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"అయ్యయ్యో! ఉండాది సామీ! శానా రోజుల్నుంచీ ఉండాది!" అని బాలసుబ్రహ్మణ్యం రెండు చేతులూ ఎత్తి మొక్కాడు.

ఇన్‌స్పెక్టరు పోయాడు. వార్తల వేళయినా విశ్వాసమ్మ ఇంకా వీధిలోనే ఉంది.

"అన్నా, కొంచెం జరుగు. సర్కారుకు చెప్పిన వాటాదారును వీధిలో నిలబెడితే మనకే మోసం" అంది చెన్నమ్మ. బాలసుబ్రహ్మణ్యం జరిగాడు. విశ్వాసమ్మ వచ్చి రేడియో పక్కనే కూర్చుంది. ఆమెకు ఆనుకుని చెన్నమ్మ కూడా చతికిలబడింది. మజ్జిగ సంగతి ఎవరూ ఎత్తలేదు.

నాగేశ్వరయ్య అరుగంతా వెతికాడు. "నాకు చోటేదే?"

"నీకుండేది అర్ధవాటానే కదయ్యా. నిలబడి విను."